ప్లస్ ఐదున్నర అనేది టైమ్ జోన్ కాదు

ఈ నెల పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సాఫ్ట్‌వేర్‌లో టైమ్ జోన్ గొడవ. హైదరాబాద్‌లో ఇంతమంది అమెరికా, యూరప్ టైమ్‌తో కుస్తీ పడుతున్నారు కదా, అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: పైథాన్‌లో క్లినిక్ అపాయింట్‌మెంట్ల యాప్ రాశాను. ఉదయం 10 గంటలకి స్లాట్ పెడితే పేషెంట్ ఫోన్‌లో 9:37 అని కనిపిస్తోంది. గంట తేడా అంటే అర్థం చేసుకోవచ్చు, అరగంట అన్నా సరే, ఈ 23 నిమిషాలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి సర్? రెండు రోజులుగా బుర్ర పనిచేయడం లేదు.
— ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీరు పైటీజెడ్ అనే లైబ్రరీ (టైమ్ జోన్ లెక్కల కోసం ముందే రాసిపెట్టిన కోడ్) వాడుతున్నారని కోడ్ చూడకుండానే చెప్పగలను. ఈ 23 నిమిషాలు మన దేశం ప్రోగ్రామర్లకి కనిపించే అంకె. మీ లెక్క తప్పలేదు, ఆ 23 నిమిషాలు కలకత్తా నుంచి వచ్చాయి, అదీ 1854కి ముందున్న కలకత్తా నుంచి.

కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది అర్థమైతే ఈ పేజీలో మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. ప్రపంచంలోని చాలా కంప్యూటర్లు, దాదాపు ప్రతి ఫోన్ ఏ ఊళ్లో టైమ్ ఎంత అని తేల్చుకోవడానికి ఆధారపడేది కొన్ని మామూలు టెక్స్ట్ ఫైళ్ల మీద. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ఆయన 1980లలో మొదలుపెట్టారు, ఆ తర్వాత పాల్ ఎగర్ట్ చూసుకుంటూ వస్తున్నారు. ఆసియాకి ఒక ఫైలు, యూరప్‌కి ఒకటి, ఉత్తర అమెరికాకి ఒకటి, ఇలా ఉంటాయి. ఆసియా ఫైలు తెరిచి ఏసియా/కోల్‌కతా (మన దేశం మొత్తానికీ ఉన్న జోన్ పేరు) దగ్గర ఆగండి. మనకి ఎప్పుడూ ప్లస్ ఐదున్నరే కదా (యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం కంటే ఐదున్నర గంటలు ముందు), ఒక్క లైన్ ఉంటుందేమో అనుకుంటాం. కానీ ఎనిమిది లైన్లు ఉంటాయి!

మొదటి లైన్: 5:53:28, అంటే 5 గంటల 53 నిమిషాల 28 సెకన్లు. ఇది కలకత్తాలో సూర్యుణ్ణి బట్టి లెక్కకట్టిన స్థానిక సమయం, 1854 జూన్ 28 వరకు. రెండో లైన్: 5:53:20, 1870 వరకు. మూడోది 5:21:10, ఇది మద్రాసు టైమ్, రైళ్లు నడిచింది దీని మీదే, 1906 జనవరి 1 వరకు. నాలుగో లైన్‌లో కానీ మన 5:30 కనిపించదు. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం లైన్లు వస్తాయి, వాటి గురించి చివరి ప్రశ్నలో చెబుతాను. ఆఖరి లైన్‌కి ముగింపు తేదీ ఉండదు, అంటే ఇప్పటికీ అదే నడుస్తోందని అర్థం.

ఇప్పుడు మీ కోడ్ సంగతి. తేదీ తయారుచేసేటప్పుడు టీజెడ్‌ఇన్‌ఫో అనే చోట పైటీజెడ్ ఇచ్చిన జోన్‌ని నేరుగా పెట్టేశారు. ఆ లైబ్రరీకి అప్పటికి మీ తేదీ ఏమిటో తెలియదు, అందుకని జాబితాలో మొదటి లైన్ తీసి మీ చేతిలో పెట్టింది, సెకన్లు వదిలేసి 5:53. పదింటి నుంచి 5:53 తీసేస్తే యూటీసీలో 4:07. రావలసింది 4:30. ఆ 4:07ని ఫోన్ సరిగ్గా ప్లస్ ఐదున్నరకి మారిస్తే 9:37. ఫోన్ తప్పేం లేదు పాపం.

పైటీజెడ్‌తోనే ఉండాలంటే లోకలైజ్ అనే ఫంక్షన్ ద్వారా వెళ్లండి, అది తేదీ చూసి సరైన లైన్ ఎంచుకుంటుంది. నన్నడిగితే పైథాన్ 3.9 నుంచి భాషలోనే వచ్చిన జోన్‌ఇన్‌ఫోకి మారిపోండి, దాంట్లో ఈ సమస్యే లేదు. ఇక డేటాబేస్‌లో ఇప్పటికే తప్పుగా పడినవి ఉంటాయి కదా, వాటికి గుడ్డిగా 23 నిమిషాలు కలిపేయకండి, సరిగ్గా ఉన్నవి కూడా పాడవుతాయి. మీ స్లాట్లు పావుగంటకొకటి ఉంటే తప్పువి ఇట్టే పట్టుబడతాయి: 10:00 అయితే 9:37, 10:15 అయితే 9:52, 10:30 అయితే 10:07. ఏ క్లినిక్కూ 9:37కి అపాయింట్‌మెంట్ ఇవ్వదు. ముందు అలాంటివి ఏరి చూసి, అప్పుడు సరిచేయండి.

ప్రశ్న: మేం ఇక్కడి గురువులతో అమెరికా పిల్లలకి ఆన్‌లైన్‌లో కూచిపూడి క్లాసులు నడిపిస్తాం, షెడ్యూలింగ్ యాప్ నేనే రాశాను. డాలస్ పిల్లలకి శనివారం పొద్దున 8కి క్లాసు. ఆగస్టులో అంతా బాగుంది, నవంబర్ రాగానే తల్లిదండ్రులు ఫోన్ల మీద ఫోన్లు, యాప్ పొద్దున ఏడింటికే పిల్లల్ని లేపేస్తోందని. అన్నీ యూటీసీలోనే దాచాను అండీ, అందరూ అలాగే చేయమంటారు కదా?
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: అందరూ చెప్పేది సగం నిజం అమ్మా. జరిగిపోయిన వాటిని యూటీసీలో దాచాలి: ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, డబ్బు ఎప్పుడు పడింది లాంటివి. జరగబోయేవి, ముఖ్యంగా వారం వారం వచ్చేవి, అలా దాస్తే సరిగ్గా మీకు జరిగిందే జరుగుతుంది.

ఆగస్టులో డాలస్ యూటీసీకి 5 గంటలు వెనుక. అక్కడ 8 అంటే యూటీసీ 13:00, మనకి సాయంత్రం 6:30. మీరు 13:00 అని రాసుకున్నారు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి జరుగుతుంది, డాలస్ 6 గంటలు వెనుక అవుతుంది, మీ 13:00 వాళ్లకి ఉదయం 7 అయిపోయింది. మన గురువుగారికి మాత్రం అదే 6:30, అందుకే ఇక్కడెవరికీ తేడా తెలియలేదు.

దాచాల్సింది ఇలా: శనివారం, 8:00, అమెరికా/షికాగో. (డాలస్‌కి విడిగా జోన్ పేరు లేదు, షికాగో జోన్‌లోకే వస్తుంది.) యూటీసీ ఎంత అన్నది ప్రతి క్లాసుకీ దగ్గర పడ్డాక లెక్కకట్టుకోండి. మైనస్ 5 అని మాత్రం రాసుకోకండి. మైనస్ 5 అనేది ఆ ఒక్క రోజు ఉన్న తేడా, షికాగో అన్నది ఆ ఊరి చరిత్రంతా, ఇక ముందు నడవబోయే నియమాలతో సహా. నేను ఈ పేజీలో పదే పదే చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

అయితే కోడ్ ముట్టుకునే ముందు గురువుగారితో ఒకసారి మాట్లాడండి. క్లాసు ఎవరి గడియారానికి కట్టుబడి ఉంది? పిల్లలదా, ఆయనదా? పిల్లలదైతే చలికాలంలో ఆయన 7:30కి కూర్చోవాలి. ఆయనకి 7:30 కుదరదంటే, క్లాసుని ఏసియా/కోల్‌కతా 6:30కి కట్టి, డాలస్ వాళ్లకి నవంబర్ నుంచి మార్చి దాకా ఏడింటికే అని ముందే చెప్పేయాలి. ఇది మీ యాప్ తనంతట తాను తేల్చే విషయం కాదు, మనుషులు తేల్చి ఒక కాలమ్‌లో రాయాల్సిన విషయం.

రేపు లండన్ పిల్లలు చేరితే ఇంకోటి గుర్తుపెట్టుకోండి. అమెరికా మార్చి రెండో ఆదివారం మారుతుంది, యూరప్ మార్చి ఆఖరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు లండన్‌కీ డాలస్‌కీ తేడా 6 కాదు, 5 గంటలే. ఇద్దర్నీ కలిపిన బ్యాచ్ ఉంటే ఆ వారాల్లో ఒకరికి తప్పదు. అరిజోనాలో చాలా భాగం అసలు మారదు, అక్కడి పిల్లలుంటే అమెరికా/ఫీనిక్స్ వాడండి.

ప్రశ్న: సర్, బ్రౌజర్ నుంచి యూజర్ జోన్ తీసుకుంటే క్రోమ్‌లో ఏసియా/కలకత్తా అని వస్తోంది, ఫైర్‌ఫాక్స్‌లో ఏసియా/కోల్‌కతా అని. నా కోడ్ రెండూ వేరే జోన్లనుకుని "మీరు ఊరు మారారా?" అని అడుగుతోంది. ఏది కరెక్ట్?
— ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రెండూ కరెక్టే తమ్ముడూ. 2008లో నేను పైన చెప్పిన జోన్ ఫైళ్లలో కలకత్తా పేరు కోల్‌కతాగా మారింది, పాత పేరుని తీసేయకుండా లింక్‌గా ఉంచారు, ఎక్కడెక్కడ ఎవరు దాచుకున్నారో తెలియదు కాబట్టి. ఇలాంటి పాత పేర్లన్నీ బ్యాక్‌వర్డ్ అనే ఫైల్లో ఉంటాయి. క్రోమ్ వాడే లైబ్రరీ ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదన్న పద్ధతిలో పాతదే చూపిస్తుంది. పేర్లని అక్షరం అక్షరం పోల్చకు, లింక్ ఎటు తీసుకెళ్తుందో చూసి అసలు జోన్లని పోల్చు. యూజర్ ఇచ్చిన పేరుని డేటాబేస్‌లో మార్చకుండా అలాగే ఉంచు. 2022లో కీవ్ స్పెల్లింగ్ మారినప్పుడు కూడా ఇదే కథ. ఇంకో మాట, ఐఎస్‌టీ అని మూడక్షరాలు ఎప్పుడూ దాచకు. అది మనదీ కావచ్చు, ఇజ్రాయెల్‌దీ కావచ్చు, ఐర్లాండ్‌దీ కావచ్చు.

ప్రశ్న: మా క్లయింట్‌కి మెక్సికో సిటీలో ఆఫీసు ఉంది. వేసవి వచ్చిందంటే చాలు మా రిపోర్టుల్లో అక్కడి టైమ్ గంట ఎక్కువ చూపిస్తోంది. మెక్సికోలో డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరపడం) ఎత్తేశారని తెలిసి సర్వర్ ఓఎస్ అప్‌డేట్ చేశాం. కమాండ్ లైన్‌లో టైమ్ కరెక్ట్‌గా ఉంది, జావా అప్లికేషన్ మాత్రం ఇంకా పాత పాటే పాడుతోంది. మేనేజర్‌కి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: మేనేజర్‌కి ఇలా చెప్పండి: మన సర్వర్‌లో టైమ్ జోన్ డేటా ఒక్కటి కాదు, నాలుగైదు కాపీలు ఉన్నాయి, మనం ఒక్కటే మార్చాం.

లినక్స్‌కి జోన్‌ఇన్‌ఫో అనే ఫోల్డర్ ఉంది, మీరు మార్చింది అది. జావా దాని వైపు కన్నెత్తి చూడదు, తన ఇన్‌స్టలేషన్ లోపలే సొంత కాపీ పెట్టుకుంటుంది. 2022 అక్టోబర్‌లో మెక్సికో చట్టం మార్చకముందు వచ్చిన జావా అయితే దానికి ఈ సంగతే తెలియదు. కొత్త జావా అప్‌డేట్ వేయండి, అది కుదరకపోతే ఆ డేటాని మాత్రమే మార్చడానికి టీజెడ్ అప్‌డేటర్ అనే టూల్ ఉంది. మార్చాక అప్లికేషన్‌ని రీస్టార్ట్ చేయడం మర్చిపోకండి, మొదలైనప్పుడు చదివిందే చివరి దాకా పట్టుకుని ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంటే దాని టేబుళ్లలో ఇంకో కాపీ, అది ఎవరో ఒకరు లోడ్ చేస్తేనే మారుతుంది, అసలు లోడే చేయకపోతే జోన్ పేరుతో టైమ్ మార్చమన్నప్పుడు ఖాళీ తిరిగొస్తుంది. పైథాన్ ప్యాకేజీలో ఒకటి ఉండొచ్చు. ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌తో కట్టిన కంటైనర్ అయితే మామూలుగా ఒక్క కాపీ కూడా ఉండదు, టీజెడ్‌డేటా ప్యాకేజీ మీరే వేయాలి. ఈ లిస్టు ఒక పేజీలో రాసి టీమ్ గోడకి అంటించండి, నిజంగానే చెబుతున్నాను.

నాకిది ఎందుకింత పట్టింపంటే, 2007 మార్చిలో నేను బేగంపేటలో ఒక ఆఫీసులో నైట్ షిఫ్ట్ సపోర్ట్ చేసేవాణ్ణి. ఆ ఏడాది అమెరికా తన పద్ధతి మార్చింది, ఏప్రిల్ మొదటి ఆదివారం జరగాల్సిన గడియారం మార్చి 11నే జరిగింది. మా వాళ్లు సర్వర్లన్నీ ప్యాచ్ చేశారు, ఒక్క పాత జావా బ్యాచ్ ప్రోగ్రామ్ తప్ప, దానికి సొంత కాపీ ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. మూడు వారాలపాటు రోజూ ఆ బ్యాచ్ గంట ఆలస్యంగా మొదలై, దాని ఫైలు కోసం ఎదురుచూసే తర్వాతి ప్రోగ్రామ్ ఖాళీగా నడిచి వెళ్లిపోయేది. మేం నెట్‌వర్క్‌ని అనుమానించాం, డిస్క్‌ని అనుమానించాం. ఏప్రిల్ 1 ఆదివారం నుంచి దానంతటదే బాగైపోయింది, ఎందుకు బాగైందో అర్థం చేసుకోవడానికి నాకు ఇంకో వారం పట్టింది. ఆ మూడు వారాల ఖాళీ రిపోర్టులు చేత్తో మళ్లీ నడిపించింది నేనూ ఇంకో అమ్మాయీ, తెల్లవారుజాము నాలుగింటి దాకా కూర్చుని.

అప్‌డేట్ అయిందో లేదో ఊహించకండి, చూడండి. లినక్స్‌లో జెడ్‌డంప్ అనే కమాండ్‌కి -v అని పెట్టి జోన్ పేరు ఇస్తే ఆ ఊరి గడియారం ఎప్పుడెప్పుడు జరిగిందో వరసగా చూపిస్తుంది. మెక్సికో సిటీకి 2023 ఏప్రిల్‌లో మార్పు కనిపిస్తే అది పాత డేటా. జావాలో మూడు లైన్ల ప్రోగ్రామ్ రాసి జూలై తేదీకి తేడా ఎంతో అడగండి, మైనస్ 6 రావాలి, మైనస్ 5 వస్తే పాతదే. ఇంకో దారి కూడా ఉంది. లినక్స్‌లోని జోన్ ఫైలు టెక్స్ట్ కాదు, కంపైల్ చేసింది, కానీ దాని ఆఖరి లైన్ మనం చదవగలిగేలా ఉంటుంది. షికాగోది చూస్తే సీఎస్‌టీ6సీడీటీ, ఎం3.2.0, ఎం11.1.0 అని ఉంటుంది. ఎం3.2.0 అంటే మూడో నెల, రెండో ఆదివారం. ఎం11.1.0 అంటే పదకొండో నెల, మొదటి ఆదివారం. ఇక ముందు వచ్చే సంవత్సరాలకి అదే నియమం. మెక్సికో సిటీ ఫైల్లో ఇప్పుడు ఉత్త సీఎస్‌టీ6 మాత్రమే ఉండాలి. అందులో ఆరు ముందు మైనస్ లేదేమని కంగారు పడకండి, ఆ రాతలో గుర్తులు తిరగేసి ఉంటాయి, మనది ఐఎస్‌టీ-5:30 అని ఉంటుంది.

కొన్ని దేశాలు ఎంత తక్కువ వ్యవధిలో మారుస్తాయో తెలిస్తే ఈ అప్‌డేట్లని వాయిదా వేయాలనిపించదు. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం గడియారం మార్పుని నెలరోజులు వాయిదా వేస్తున్నామని రెండు మూడు రోజుల ముందు ప్రకటించింది. దానికోసం ఈ టైమ్ జోన్ డేటాకి 2023బి అనే రిలీజ్ వచ్చింది. దేశంలో చాలామంది ఒప్పుకోలేదు, ఒకే ఊళ్లో రెండు టైమ్‌లు నడిచాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది, అదే నెలలో 2023సి వచ్చింది. బి మాత్రమే వేసుకుని సి వేయని సర్వర్ల గతి ఆలోచించండి. సమోవా అయితే 2011లో డిసెంబర్ 30వ తేదీనే క్యాలెండర్‌లోంచి తీసేసింది, 29 తర్వాత 31.

ప్రశ్న: నేను జాతకం యాప్ రాస్తున్నాను. పరీక్షించడానికి మా అమ్మమ్మ వివరాలు ఇచ్చాను: 1943 ఆగస్టు, రాజమండ్రి, తెల్లవారుజామున 6:15. మా యాప్ ఒక లగ్నం చూపిస్తోంది, మా ఇంటికి వచ్చే సిద్ధాంతిగారు వేరే లగ్నం అంటున్నారు. ఆయన "యుద్ధం టైమ్ తీసేయాలి బాబూ" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు.
— ఒక పాఠకుడు, వారాసిగూడ

జవాబు: సిద్ధాంతిగారికి నా నమస్కారం చెప్పండి. ఆయన చెప్పిందే జోన్ ఫైల్లో కూడా ఉంది. 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా యుద్ధం వల్ల దేశంలో గడియారాన్ని గంట ముందుకి జరిపారు, అప్పుడు మనం ప్లస్ ఆరున్నరలో ఉన్నాం. దానికి ముందు 1941 అక్టోబర్ నుంచి 1942 మే 15 దాకా కూడా ఆ ఫైల్లో ఇదే మార్పు ఉంది. గడియారంలో 6:15 అంటే మామూలు లెక్కన 5:15. ఒక్కో లగ్నం సుమారు రెండు గంటలుంటుంది కాబట్టి గంట తేడాకి లగ్నం మారడంలో ఆశ్చర్యం లేదు. మీరు ప్లస్ ఐదున్నర అని కోడ్‌లో చేత్తో రాసి ఉంటారు. ఏసియా/కోల్‌కతా అని పేరుతో అడిగి ఉంటే ఈ గంటని అదే చూసుకునేది.

మీ యాప్‌కీ ఈ డేటాకీ ఇంకో బంధం ఉంది. 2011లో ఆస్ట్రోలేబ్ అనే జ్యోతిష సాఫ్ట్‌వేర్ కంపెనీ, పాతకాలపు టైమ్ వివరాలు తమ అట్లాస్‌లోవి వాడుకున్నారని ఓల్సన్ మీద, ఎగర్ట్ మీద కేసు వేసింది. డేటా ఉన్న సర్వర్ కొన్ని రోజులు ఆగిపోయింది. అప్పుడే ఇంటర్నెట్ పేర్లు, నంబర్లు చూసే అయానా దీన్ని తన కిందికి తీసుకుంది. 2012 ఫిబ్రవరిలో కేసు వెనక్కి తీసుకున్నారు. ఇద్దరు మనుషులు తీరిక వేళల్లో నడిపిన పని ఆగితే ప్రపంచమంతా ఎంత ఇబ్బంది పడుతుందో ఆ వారంలో తెలిసింది. వాళ్లకి మనమందరం రుణపడి ఉన్నాం.

అయితే ఒక జాగ్రత్త. ఈ ఫైళ్లు గట్టిగా బాధ్యత తీసుకునేది 1970 నుంచి మాత్రమే. అంతకుముందుది దొరికినంత మేరకు. మొత్తం దేశానికి కోల్‌కతా ఒక్కటే జోన్, కానీ కలకత్తా టైమ్ 1948 దాకా, బొంబాయి టైమ్ 1955 దాకా వాడుకలో ఉన్నాయి. అవి ఇందులో లేవు. కోల్‌కతా పేరుతో ఉన్న జోన్‌లో 1870 నుంచి 1906 దాకా మద్రాసు టైమ్ ఉండటం మీరే చూశారు. కాబట్టి 1950లలో బొంబాయిలో పుట్టినవాళ్ల వివరాలొస్తే యాప్ వాళ్లని ఒక ప్రశ్న అడగాలి, తనే తేల్చేయకూడదు. సూర్యోదయం లెక్కలకి జోన్ అసలు చాలదు, ఊరి రేఖాంశం కావాలి. 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది కాబట్టి అక్కడ సూర్యుడికీ గడియారానికీ దాదాపు పొత్తు కుదురుతుంది, హైదరాబాద్‌లో సూర్యుడు గడియారం కంటే సుమారు 16 నిమిషాలు వెనుక. పంచాంగంలో ఊరూరికీ సూర్యోదయం వేరుగా వేసేది అందుకే.

ఇప్పుడు ఇంటికెళ్లి అమ్మమ్మగారిని అడగాల్సింది ఒకటుంది. ఆ 6:15 ఎవరు రాశారు, ఏం చూసి రాశారు? ఇంట్లో గోడ గడియారమో, రైల్వే స్టేషన్ గడియారమో చూసి రాస్తే గంట తీసేయండి. పాత కాగితం మీద సూర్యోదయాది ఘడియలు, విఘడియలు అని ఉండి, తర్వాత ఎవరో దాన్ని గంటల్లోకి మార్చి ఉంటే మాత్రం తీసేయకూడదు. యుద్ధం గడియారాన్ని జరిపింది, సూర్యుణ్ణి కాదు. ఘడియ అంటే 24 నిమిషాలు, ఆ రోజు రాజమండ్రిలో సూర్యోదయం ఎప్పుడో చూసి అక్కడి నుంచి లెక్కపెట్టండి, జోన్ ఫైలు తెరిచే అవసరమే రాదు.